స్టెంటుకున్న పరువు ప్రోస్టేటుకు లేదా?

నెల్లూరు జిల్లాలో యాభై దాటిన మగవాడి పరపతిని మాగాణితోనూ రొయ్యల గుంటలతోనూ కొలిచే రోజులు పోయాయి. ఇప్పుడు ఆపరేషన్లతో కొలుస్తున్నారు. అన్నిటికంటే పైమెట్టు బైపాస్‌ది. బైపాస్ చేయించుకున్న పెద్దమనిషి పెళ్ళికొస్తే ఆయనకు ఫ్యాను కింద కుర్చీ వేస్తారు, అడగకపోయినా పై గుండీ విప్పి గీత చూపిస్తాడు, చూసినవాళ్ళు దండం పెట్టినంత పని చేస్తారు. ఆ తర్వాత స్టెంటు. ఒకటైతే పర్లేదు, రెండు పడ్డాయంటే గౌరవం, చెన్నైలో వేయించుకున్నానంటే ఇంక ఆ మనిషితో పొలం గట్టు తగాదా కూడా ఎవరూ పెట్టుకోరు. మోకీళ్ళు మార్పించుకున్నవాళ్ళు మధ్యతరగతి. కంట్లో శుక్లం చిన్నపిల్లలాట. వీళ్ళందరికీ అడుగున, పేరు ఎత్తితే ఇంట్లో ఆడవాళ్ళు వంటింట్లోకి, మగవాళ్ళు వీధిలోకి జారుకునే ఆపరేషన్ ఒకటుంది. ఈమధ్యే నెల్లూరులో ఆస్పత్రులుండే పొగతోటలో ఆ పని పూర్తి చేయించుకుని కావలి వచ్చి మంచం మీద పడ్డాను కాబట్టి, తీరిక కూడా దొరికింది కాబట్టి, ఈ అన్యాయం గురించి ప్రజల ముందు నాలుగు మాటలు పెట్టదలిచాను.

ముందు లెక్కలు చూద్దాం. ప్రోస్టేటనేది మూత్రాశయం కింద, మూత్రం వచ్చే దారి చుట్టూ ఉండే గ్రంథి. వయసులో ఉన్నప్పుడు 20 గ్రాముల బరువుంటుంది, ఎవరి జోలికీ పోదు. నలభై దాటాక మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది. అరవై వచ్చేసరికి సుమారు సగం మంది మగవాళ్ళకి, ఎనభై దాటాక పదిమందిలో ఎనిమిది మందికి పైగా ఇది పెరిగే ఉంటుంది. క్యాన్సర్ కాదు, అంటువ్యాధి కాదు, చెడు తిరుగుళ్ళ వల్ల వచ్చేదీ కాదు, వయసొచ్చింది అంతే. అంటే పెద్దవాళ్ళలో మెజారిటీ మాదే. ఇంత మెజారిటీ పెట్టుకుని ఇంత దాక్కుని బతికే వర్గం ఈ దేశంలో ఇంకోటి లేదు.

దాక్కోవడం ఆపరేషన్‌తో మొదలవదు, దానికి చాలా ఏళ్ళ ముందే మొదలవుతుంది. పెళ్ళిలో గుమ్మం పక్క కుర్చీ చూసుకుని కూర్చుని, సరిగ్గా అక్షింతలు వేసే వేళకు మాయమయ్యే పెద్దాయన్ని అందరూ పొగరుబోతు అనుకుంటారు. నెల్లూరికి బస్సులు వరసబెట్టి పోతుంటే ఎక్కకుండా పినాకిని ఎక్స్‌ప్రెస్ కోసం స్టేషన్లో కూర్చునేవాణ్ణి పిసినారి అనుకుంటారు. పినాకినిలో బాత్రూం ఉంటుంది, బస్సులో ఉండదు, సంగతి అంతకుమించి ఏమీ లేదు. హైవే ఎంత వెడల్పు చేసినా, పక్కన ఎన్ని దాబాలు పెట్టినా, ఒక మనిషి డ్రైవరు దగ్గరికి పోయి "ఒక్క నిమిషం ఆపు నాయనా" అని అడిగి, బస్సంతా కిటికీల్లోంచి చూస్తుంటే దిగడమంటే మాటలు కాదు.

మాత్రల విషయంలో ఇంకా గూఢచర్యం నడుస్తుంది. టామ్సులోసిన్ అక్కడి కండరాన్ని వదులు చేస్తుంది, పని త్వరగానే తెలుస్తుంది. ఫినాస్టెరైడ్ గ్రంథిని కుదిస్తుంది గానీ దానికి ఆర్నెల్ల పైన పడుతుంది. ఈ ఫినాస్టెరైడ్‌లో ఒక సౌకర్యం ఉంది, 5 మిల్లీగ్రాములైతే ప్రోస్టేటుకి, అదే మందు 1 మిల్లీగ్రాము అయితే బట్టతలకి. మా స్నేహితుడొకాయన తలమీద ఒక్క వెంట్రుక లేనివాడు, పెట్టెలో మాత్రలు దొరికిపోయేసరికి జుట్టు కోసమన్నాడు. వాళ్ళావిడ ఇప్పటికీ ఎదురు చూస్తోంది.

ఇక డాక్టరు దగ్గరికి పోతే ఒక ప్రశ్నాపత్రం ఇస్తారు. ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5 దాకా, మొత్తం 35 మార్కులు. ఎన్ని ఎక్కువొస్తే అంత ఫెయిలయినట్టు. 20 చేరితే తీవ్రమని అర్థం. మొదటి ఏడూ రాత్రి ఎన్నిసార్లు లేస్తావు, ధార సన్నంగా వస్తుందా, ముక్కాల్సి వస్తుందా అని గౌరవంగానే అడుగుతాయి. ఆ తర్వాత మార్కుల్లో కలపని ప్రశ్న ఒకటుంది చూశారూ, నీ మూత్రం పరిస్థితి జీవితాంతం ఇలాగే ఉండిపోతే నీకెలా ఉంటుంది అని. ఆనందంగా ఉంటుందనే దగ్గర్నుంచి ఘోరంగా ఉంటుందనే దాకా గళ్ళు ఇచ్చారు. ఆనందం గడిలో టిక్కు పెట్టేవాడు ఎవడైనా ఉంటే వాడికి ఈ డాక్టరు సరిపోడు. నేను ఆలోచిస్తుంటే మా ఆవిడ పక్కనుంచి, "ఘోరం అని పెట్టండి, రాత్రుళ్ళు నిద్ర లేంది నాకు" అంది. పెట్టాను.

ఆపరేషన్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, మా దురదృష్టమే అది. వెన్నుకు మత్తు ఇస్తారు, మూత్రం వచ్చే దారిలోనే గొట్టం పంపించి, కరెంటు తీగతో పెరిగిన కండని లోపల్లోపలే చెక్కి ముక్కలు బయటికి తీస్తారు. బయట గాటుండదు, కుట్టుండదు. బైపాస్ వాళ్ళకి చూపించుకోవడానికి జానెడు గీతన్నా ఉంది.

గీత లేకపోవడం వల్ల మా ఇంట్లోవాళ్ళకి మంచి అవకాశం దొరికింది. నేను థియేటర్లోంచి బయటికి రాకముందే మా ఆవిడ వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేసి, "బావకి కిడ్నీలో రాయి రా అబ్బయ్యా, తీసేశారు" అని చెప్పేసింది. సాయంత్రానికి ఆ వార్త కందుకూరు, ఒంగోలు, అద్దంకి దాకా పోయింది. రాయికి మన సమాజంలో మర్యాదుంది, ఎవరికైనా రావచ్చు, కలెక్టరుకైనా రావచ్చు. కానీ అబద్ధానికి ఖర్చుంటుంది. మర్నాడు బావమరిది వచ్చి యాపిల్ పళ్ళు బల్లమీద పెట్టి మొట్టమొదట అడిగింది, "ఏది బావా రాయి? చూపీ" అని. మా వైపు రాయి తీయించుకున్న ప్రతివాడూ దాన్ని చిన్న ప్లాస్టిక్ డబ్బీలో వేసి టీవీ పక్కన పెట్టుకుంటాడు, చూపించకపోతే అవమానం. "ల్యాబుకి పంపించార్రా" అంది మా ఆవిడ. అది నిజమే, చెక్కిన ముక్కల్ని పరీక్షకి పంపిస్తారు. అక్కడితో ఆగితే బాగుండేది, ఎంత సైజు అనడిగాడు. తొమ్మిది మిల్లీమీటర్లని ఆవిడ నోటికొచ్చింది చెప్పింది. వాడిది ఏడేనట, మొహం మాడిపోయింది.

ఇక అక్కణ్ణించి నా పత్యం రాయికి జరిగింది, ప్రోస్టేటుకి కాదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కొండపిండి ఆకు తెచ్చారు, అరటి దవ్వ తెచ్చారు, ఉలవకట్టు పట్టించమన్నారు. ఇంకో వర్గం పప్పు మానేయమంది, చీము పడుతుందట. కుట్టే లేనివాడికి చీము ఎక్కడ పడుతుందో అడిగే హక్కు రోగికి లేదు. నెల్లూరు జిల్లాలో పుట్టి, మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు వాసన వంటింట్లోంచి వస్తుంటే, దాన్ని పరామర్శకొచ్చినవాళ్ళు తిని, నేను దవ్వ కూర తిన్నాను. డాక్టరు నిజంగా చెప్పింది మూడే మాటలు. నీళ్ళు బాగా తాగు, కారం కాఫీ తగ్గించు, మలబద్ధకం రానీకు, ముక్కితే లోపలి పచ్చిపుండు మళ్ళీ రక్తం కారుతుంది. ఈ మాటలు ఎవరి చెవికీ ఎక్కలేదు, రోగికి వీటితో సంబంధం ఉండటమే కారణమై ఉండాలి.

మంచం పక్కన వేలాడే సంచి గురించి విడిగా చెప్పాలి. ఆపరేషన్ అయిన తర్వాత మూడు దారుల పైపు వేస్తారు. ఒక దాంట్లోంచి సెలైన్ లోపలికి పోయి కడుగుతూ ఉంటుంది, ఇంకోదాంట్లోంచి బయటికి వచ్చి సంచిలో పడుతుంది, మూడోది లోపల బుడగ ఉబ్బి పైపు జారకుండా చూస్తుంది. సంచి రంగు చూసే డాక్టరు సెలైన్ ఎంత వేగంగా వదలాలో చెబుతాడు. కాబట్టి సంచి అందరికీ కనిపించాలి. మా ఆవిడ దృష్టిలో ఎవరికీ కనిపించకూడదు. నర్సు వచ్చి తువ్వాలు తీసేసేది, నర్సు పోగానే మా ఆవిడ తువ్వాలు కప్పేది. పరామర్శకొచ్చినవాళ్ళు నా మొహం ఎటూ చూడరు, ఆ తువ్వాలు కొస లేపి చూసి, "రోజ్‌మిల్క్ రంగులోకొచ్చింది, ఇంక భయంలేదు" అని తేల్చేసి, అప్పుడు నన్ను బాగున్నావా అనేవాళ్ళు. ఒకాయన ఇంకా ఎర్రగా ఉందే అని పెదవి విరిచి మా అబ్బాయిని పక్కకి పిలిచి వేరే ఆస్పత్రి పేరు చెప్పిపోయాడు. ఆయన వృత్తి ఎరువుల వ్యాపారం.

పైపు తీసిన రోజు కుటుంబ చరిత్రలో రాసిపెట్టుకోవాల్సిన రోజు. కొలిచే మగ్గు చేతికిచ్చి బాత్రూంలోకి పంపించారు. తలుపు అవతల మా ఆవిడ, అబ్బాయి, బావమరిది, నర్సు, మాకు సంబంధంలేని పక్క రూము వాళ్ళ అల్లుడు. "అయిందా?" అని ఒకరు. "తొందర పెట్టకండి" అని ఇంకొకరు. "కుళాయి తిప్పండి, ఆ చప్పుడుకి వస్తుంది" అని అల్లుడు. మంటగా వచ్చింది, కానీ వచ్చింది, అదీ కుర్రాళ్ళకి వచ్చినట్టు. పదవీ విరమణ రోజు కూడా నాకోసం అంతమంది చప్పట్లు కొట్టలేదు.

డిశ్చార్జి వేళ డాక్టరు తెలుగులోనే మొదలుపెట్టాడు. స్కూటరు ఎక్కొద్దు, బరువులు ఎత్తొద్దు, నాలుగు నుంచి ఆరు వారాలు. పది పన్నెండు రోజులకి లోపలి పొక్కు ఊడి మళ్ళీ కాస్త ఎర్రగా రావచ్చు, టెన్షన్ పడకుండా నీళ్ళు తాగండి, మూత్రంలో రక్తం గడ్డలు పడినా, మూత్రం ఆగినా, చలిజ్వరం వచ్చినా వెంటనే వచ్చేయండి. అన్నీ చక్కగా చెప్పి, ఒక చోటికి వచ్చేసరికి గొంతు తగ్గించి ఇంగ్లీషులోకి దిగాడు. వీర్యం ఇకమీదట బయటికి రాకుండా వెనక్కి, మూత్రాశయంలోకి పోవచ్చు, తర్వాత మూత్రంతో కలిసి వస్తుంది, ప్రమాదమేమీ లేదు, మిగతా సామర్థ్యానికి మామూలుగా లోటు రాదు, ఇదీ విషయం. రూములో నలుగురం ఉన్నాం, అందరికీ ఇంగ్లీషు వచ్చు. నలుగురం ఒక్కసారే గోడమీద క్యాలెండరు చూశాం. ఈ ఒక్క మాట ముందుగా ఎవరూ తెలుగులో చెప్పకపోవడం వల్ల, మగతనం పోతుందట అని గుసగుసలాడుకుని ఆపరేషన్ వాయిదా వేసుకునేవాళ్ళు మన ఊళ్ళలో కొల్లలు. అలా వాయిదా వేసి వేసి, ఒకరోజు అర్ధరాత్రి మూత్రం మొత్తం బిగుసుకుపోయి, పొట్ట కుండలా ఉబ్బి, ఆటోలో నెల్లూరికి పరిగెత్తుతారు. కొందరికి అప్పటికే కిడ్నీలు దెబ్బతిని ఉంటాయి. దీనిమీద నాకు జోకు వేయాలని లేదు.

ఇంటికొచ్చాక ధార ఘనంగానే ఉంటుంది గానీ కొన్ని వారాలు ఆపుకోవడం కష్టం, లేచేలోపే నాలుగు చుక్కలు పడతాయి. దానికి ప్యాడ్లు. మందుల షాపులో గొంతు తగ్గించి అడిగితే కుర్రాడు వెనక గదిలోకి వినపడేలా, "అన్నా, పెద్దాయనకి డైపర్లంట! మీడియమా లార్జా?" అని కేక పెట్టాడు. తర్వాత పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, ఎవరూ చూడకుండా చేతికిచ్చాడు. ఆ నల్ల కవరు ఇంటికి తీసుకుపోతే మా ఆవిడా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు, వాళ్ళకి ఆ పొట్లం కొత్తేమీ కాదు.

లీకు తగ్గడానికి డాక్టరు ఒక వ్యాయామం చెప్పాడు, మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాన్నే బిగించి వదలడం. దీని గొప్పతనం ఏమిటంటే ఎక్కడైనా చేయొచ్చు, ఎవరికీ తెలియదు. రంగనాయకస్వామి గుడి క్యూలో కళ్ళు మూసుకుని, పెదవులు బిగించి, భక్తితో నిలబడ్డ పెద్దలందర్నీ నేనిప్పుడు అనుమానంగానే చూస్తున్నాను.

2024 జనవరిలో ఇంగ్లండు రాజు ఛార్లెస్, 75 ఏళ్ళవాడు, నాకు ప్రోస్టేటు పెరిగింది, ఆస్పత్రికి పోతున్నానని ప్రపంచానికి ప్రకటించాడు. వాళ్ళ ప్రభుత్వ వైద్య వెబ్‌సైటులో ఆ జబ్బు గురించి చదివేవాళ్ళు ఒక్క రోజులో పదింతలు దాటిపోయారు. అంత పెద్ద సింహాసనం మీద కూర్చున్నవాడే చెప్పుకోగా లేంది, మా వీధిలో రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారు ఇప్పటికీ హెర్నియా అనే చెబుతున్నాడు.

అందుచేత నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్రోస్టేటు బాధితుల సంఘం పెట్టాలని నిర్ణయించాను. పెళ్ళిళ్ళలో బైపాస్ వాళ్ళతో సమానంగా ఫ్యాను కింద కుర్చీ, అది బాత్రూంకి దగ్గర్లో, మా మొదటి కోరిక. మొదటి సమావేశం కావలిలోనే. హాలు చూడటానికి పోయినప్పుడు వేదిక చూడలేదు, మైకు చూడలేదు, బాత్రూములు ఎన్నున్నాయో చూసి అడ్వాన్సు ఇచ్చాను. ప్రసంగాలు పది నిమిషాలు మించకూడదు, జాతీయగీతం మాత్రం మొదట్లోనే పాడేస్తాం, చివరిదాకా నిలబడగలమని హామీ ఇవ్వలేం. టీ ఉండదు. చేరతామని ఇప్పటికే చాలామంది ఫోన్లు చేశారు, అందరూ పెరట్లోకి పోయి గొంతు తగ్గించి మాట్లాడినవాళ్ళే, అందరూ అడిగింది ఒకటే, సంగతి బయటికి పొక్కదు కదా అని. వాళ్ళ సౌకర్యం కోసం హాలు బయట కట్టే బ్యానరు మీద కిడ్నీ రాళ్ళ అవగాహన సదస్సు అని రాయిస్తున్నాం. ఎవరి రాయి వాళ్ళు తెచ్చుకోవాలి.