తీపి చెర్రీ వృక్షరాజం వారికి తిరుపతి మిద్దెతోట నుంచి విన్నపం

మహారాజశ్రీ తీపి చెర్రీ వృక్షరాజం వారి సముఖానికి,

క్షేమమేనా అని అడగడం మర్యాద. అయితే మాఘం వచ్చినా పాత ఆకులు పూర్తిగా రాల్చక, కొమ్మల చివర మాత్రం ఒకటి రెండు చిగుళ్లు వేసి నిలబడ్డ మిమ్మల్ని చూస్తే ఆ మాట అడగడానికి నోరు రావడం లేదు.

మీ షరతులు మాకు తెలియనివి కావు. సుమారు 7 డిగ్రీల లోపు చలిలో 700 గంటలో, రకాన్ని బట్టి 1000కి పైగానో నిద్రపోతే తప్ప మీ మొగ్గలకు సరిగా మెలకువ రాదు. ధనుర్మాసపు తెల్లవారుజామున మంకీ క్యాపు పెట్టుకుని తిరుపతి వణికేది 18 డిగ్రీల చుట్టుపక్కలే కనుక, మాకు గడగడలాడించే చలి మీకు వసంతం కింద లెక్క. చల్లదనానికి ఈ ప్రాంతంలో పేరుపడ్డ హార్స్‌లీ కొండలు కూడా మీరు కోరినన్ని గంటలు సమకూర్చలేవు.

సంబంధాల విషయంలో మీ పట్టింపు ఇంకా ఘనమైనది. మీ వంశంలో ఎక్కువమంది తమ పుప్పొడిని తామే తిరస్కరిస్తారు. అంతటితో ఆగక, బింగ్, లాంబర్ట్, నెపోలియన్ అని వేర్వేరు పేర్లు పెట్టుకున్నవారు సైతం సగోత్రీకులమంటూ ఒకరి పుప్పొడిని ఒకరు ముట్టరు. ఇది విని మా అవ్వ మిమ్మల్ని మనసారా మెచ్చుకున్నది. 1968లో కెనడాలో విడుదలై, ఆచారం తప్పి సొంత పుప్పొడితోనే కాసే స్టెల్లా అనే మీ రకం సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

పైగా మరుసటి ఏటి పూమొగ్గలు రూపుకట్టే వేసవిలో ఎండ 30 డిగ్రీలు బాగా దాటితే మీకు జంటపండ్లు పుడతాయట. మా మే నెల 40 దాటుతుంది. పండే వేళ వాన తగిలితే పండు పగులుతుంది, వేళ్ల దగ్గర నీరు నిలిస్తే కుళ్లు. ఇవన్నీ దాచి, మీ బొమ్మ ఉన్న అట్ట కట్టి, కాపు ఖాయమని అమ్మిన నర్సరీ ఆసామి ధైర్యానికి నమస్కరించాలి. అదే అట్టతో పక్కింటివారికి ఆయన అంటగట్టినది బార్బడోస్ చెర్రీ అని తర్వాత తేలింది. మీ కులంతో ఏ చుట్టరికమూ లేని ఆ పొద పుల్లగానైనా కాస్తున్నది.

ఇంతకూ ఈ ఊళ్లో మీ పరువు నిలబెడుతున్నది మీరు కారు. బేకరీ కేకుల నెత్తిన ఎర్రగా మెరుస్తూ చెర్రీగా చెలామణి అయ్యేది చాలావరకు గింజ తీసి, రంగు వేసి, చక్కెర పాకంలో ఊరబెట్టిన వాక్కాయ. ఎండకు వెరవని, చలి గంటలు లెక్కపెట్టని ఆ ముళ్లపొద మీ పేరుతో చేస్తున్న ఊడిగానికి ఇంతవరకు మీరొక కృతజ్ఞత అయినా తెలిపినట్టు లేదు.

కాబట్టి మా మనవి ఒక్కటే. తమరు దయతో కుండీ ఖాళీ చేస్తే అందులో వాక్కాయ నాటుకుంటాం. మీ బొమ్మ ఉన్న అట్టను మాత్రం ఊడదీయం. బేకరీవారు మీ పేరు తీయనప్పుడు మాకేం తొందర?

ఇట్లు,
తిరుపతి మిద్దెతోటల పక్షాన ఒక విధేయుడు