కడుపుతో ఉన్నామెకు నీతులు, పక్కనున్నాయనకు సిగరెట్

పొగ తాగే తల్లులకు నెలలు నిండని పిల్లలు ఎక్కువగా పుడుతున్నారని 1957లోనే కాలిఫోర్నియాలో ఒక పరిశీలన తేల్చింది. ఆ మాట గర్భిణుల చెవిన పడటానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. మద్యం సంగతి ఇంకా విచిత్రం. 1960ల చివర్లో, 70ల్లో ముందుగా వచ్చిన నొప్పులు ఆపడానికి కొన్ని ఆస్పత్రుల్లో ఆల్కహాల్‌నే సెలైన్‌లా నరంలోకి ఎక్కించేవారు! తాగే తల్లుల పిల్లల్లో ఒకే తీరు ముఖ లక్షణాలు, ఎదుగుదల లోపం కనిపిస్తున్నాయని 1968లో ఫ్రాన్స్ డాక్టర్ పాల్ లెమోయిన్ రాస్తే పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1973లో సియాటిల్‌లో కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ అదే విషయాన్ని లాన్సెట్ వైద్య పత్రికలో రాసి, దానికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టాకే కదలిక వచ్చింది. వారానికి ఒకటి రెండుసార్లు కాస్త తాగితే ఏం కాదన్న సడలింపును బ్రిటన్ 2016లో గానీ పూర్తిగా తీసేయలేదు.

తెలియనితనం పోయింది, మంచిదే. దాని వెనకే తల్లిని నేరస్తురాలిగా చూడటం మొదలైంది. అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో ఒక ప్రభుత్వాస్పత్రి గర్భిణుల మూత్రంలో కొకైన్ ఉందేమోనని వాళ్ల అనుమతి లేకుండా పరీక్షించి, ఫలితాలను పోలీసులకు అందించింది. అది చెల్లదని 2001లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పోలీసు భయం ఉన్న చోట గర్భిణి చెకప్‌కే రాదు. ఇక బిడ్డను కాపాడేది ఎవరు?

తెలుగునాట ఆడవాళ్ల పొగ, మద్యం ఆరోగ్యం లెక్కలోకి రాకముందే పరువు లెక్కలోకి వచ్చాయి. అందుకే ‘మన ఆడవాళ్లకు ఆ అలవాట్లు ఎక్కడివి’ అనేసి చేతులు దులుపుకుంటాం. శ్రీకాకుళం పల్లెలకు వెళ్లి ఆ మాట అనగలమా? అక్కడ నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ అలవాటు మీద 10,169 మంది గ్రామస్తులను పరీక్షించి రాసిన వ్యాసం 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్ అనే వైద్య పత్రికలోనే వచ్చింది. ఆ అలవాటు ఎక్కువగా ఆడవాళ్లదే. చుట్ట తాగే అవ్వను ఊరు ఏమీ అనలేదు. సిగరెట్ పట్టుకున్న సాఫ్ట్‌వేర్ అమ్మాయిని మాత్రం వీడియో తీసి మరీ తిడుతుంది. దీన్నిబట్టి మన అభ్యంతరం నికోటిన్ మీద కాదని తేలిపోతోంది. మాయలో (ప్లాసెంటాలో) రక్తనాళాలను బిగించి బిడ్డకు అందే ప్రాణవాయువును తగ్గించడానికి నికోటిన్‌కు చుట్టయినా ఒకటే, సిగరెట్ అయినా ఒకటే. నమిలే పొగాకుకు పొగే లేదు కదా అనుకోవడానికీ లేదు. ముంబైలో గర్భిణుల మీద జరిగిన పరిశోధన 2004లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. పొగాకు నమిలేవాళ్ల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారని అందులో తేలింది.

మద్యం లెక్క చూద్దాం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో తాగేవాళ్లు దేశం మొత్తం మీద 1.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.5 శాతం. తెలంగాణలో 6.7 శాతం, అక్కడి పల్లెల్లో 9 శాతం. వీళ్లలో పబ్బులకు వెళ్లేవాళ్లు ఎంతమంది ఉంటారు? పల్లెల్లో తాగేది చాలావరకు కల్లే. పండక్కి, దావత్‌కు, నాటు వేసి అలిసి వచ్చిన సాయంత్రం ఇంటిల్లిపాదీ తాగే కల్లును చాలామంది మద్యం కిందే లెక్కేయరు. చలువ చేస్తుందని, బాలింతకు పాలు పడతాయని చెప్పే పెద్దవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో బాలింతకు నల్ల బీరు పట్టించినవాళ్లూ ఇదే మాట చెప్పారు. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉన్నా మధ్యాహ్నానికి పులిసి ఆల్కహాల్ పెరుగుతుంది. కల్తీ కల్లయితే అసలు చెప్పక్కర్లేదు. డైజీపామ్, అల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లు పట్టుబడ్డ కేసులు ఎన్నో. అలవాటైనవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదమూ ఉంది. కడుపుతో ఉన్నామెకు ‘రేపటి నుంచి మానెయ్’ అని చెప్పి పంపితే సరిపోదు, డాక్టర్ దగ్గరుండి మాన్పించాలి. అందుకు ముందు ‘కల్లు తాగుతవా అమ్మా’ అని ముఖం చిట్లించకుండా అడిగేవాళ్లు ఉండాలి.

ఇక తాగనివాళ్ల సంగతి. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో ఇంట్లోనే ఇతరుల పొగ పీలుస్తున్నామన్న పెద్దలు 38.7 శాతం. భార్యకు బొప్పాయి ముక్క తిననివ్వని మొగుడు అదే గదిలో సిగరెట్ వెలిగిస్తాడు. ఆయన్ని అత్తగారు అనదు, స్కాన్‌కు తోడు వచ్చినప్పుడు డాక్టరూ అడగరు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు నెలలు నిండుతున్నా చాట ఒళ్లో పెట్టుకునే కూర్చుంటారు. ఆ పొగాకు పొడి చేతులకు అంటుతుంది, ఊపిరితో లోపలికి పోతుంది. ఎన్ని చుడితే అంతే కూలి కాబట్టి పని మానమని సలహా ఇచ్చి ఊరుకుంటే లాభం లేదు. చివరి నెలల్లోనైనా ఆ కూలి ప్రభుత్వం భరించాలి. మన మద్యం సీసాల మీద హెచ్చరికకూ పని ఉంది. తాగి బండి నడపొద్దని చెప్పే ఆ రెండు ముక్కల్లో గర్భం ఊసే లేదు. అమెరికా సీసాల మీద ఆ మాట 1989 నుంచీ ఉంది.