సీటు వచ్చాక మొదటి సంవత్సరం

అమెరికాలో ఉన్న మన సంఘం కమిటీ వచ్చే ఏడాది ఉపకార వేతనాల లెక్కలు వేసుకునే ముందు ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. పాలమూరు, నల్లగొండ పిల్లల్లో వైకల్యం ఉన్నవాళ్లకు మనం ఏటా సాయం చేస్తూనే ఉన్నాం. డిసెంబరులో ఊరికి వెళ్లినప్పుడు ట్రైసైకిళ్లు పంచుతాం. మంచి కాలేజీలో సీటు వచ్చినవాళ్లకు శాలువా కప్పి చెక్కు ఇస్తాం. అవి ఆపమని నేను అనను. కానీ ఆ డబ్బులో సగమన్నా డిగ్రీ మొదటి సంవత్సరం నెలనెలా ఖర్చుకూ, కాగితాల పనికీ పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

సీటు దాకా చట్టం కొంత దారి వేసింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లకు ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన తరాన్ని కళ్లారా చూసినవాళ్లం మనం. వాళ్లలో బడి గడప దాటి పైచదువుకు వెళ్లినవాళ్లు ఎంత తక్కువమందో మనకు తెలుసు. ఇప్పుడు వైకల్యం ఉన్న పిల్లలు యూనివర్సిటీ దాకా వస్తున్నారు. చిక్కు అక్కడే మొదలవుతోంది. ఇంటర్ దాకా వాళ్లకు అందిన సాయమంతా ఊరినీ, అమ్మానాన్నలనూ పట్టుకుని ఉంటుంది. హైదరాబాద్ బస్సెక్కిన రోజు నుంచి అవన్నీ పిల్లవాడే చూసుకోవాలి.

మా చెల్లె కొడుకుది కల్వకుర్తి దగ్గర పల్లె. చూపు చాలా తక్కువ. డిగ్రీకి హైదరాబాద్‌లో సీటు వచ్చింది. వాడి దగ్గర ఒక ప్లాస్టిక్ కవరుంటుంది. అందులో సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంతో చెప్పే ప్రభుత్వ పత్రం), పదో తరగతి మెమో, టీసీ, బోనఫైడ్, కులం, ఆదాయం పత్రాలు, బ్యాంకు పాస్‌బుక్ ఉంటాయి. సదరం కాగితం మీద జిల్లా మహబూబ్‌నగర్. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టాక ఆధార్‌లో నాగర్‌కర్నూల్ పడింది. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, సదరంలో ఒక్క అక్షరమే ఉంది. ఇంత చిన్న తేడాకే స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆగిపోయింది. అది సరిచేశాక, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కాలేదని మళ్లీ ఆగింది. "మామా, క్లాసుకు పోవాల్నా, మీసేవకు పోవాల్నా చెప్పు" అని ఫోన్‌లో అడిగాడు. కళ్లు సరిగా కనిపించని పిల్లవాడు ఒక్కో కౌంటర్ దగ్గర "ఏ కాలమ్‌లో తప్పుందో చదివి చెప్పండి సార్" అని బతిమాలుకోవాల్సి వచ్చింది.

వికలాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు. పట్నంలో ఉంటే అదే వాడి తిండి ఖర్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొచ్చినా కాలేజీ ఫీజుకే పోతుంది, మెస్ బిల్లు మాత్రం ప్రతి నెలా కట్టాల్సిందే. వాడి పింఛను ఊళ్లో పోస్టాఫీసుకు వాడే వెళ్తేనే చేతికొస్తుంది. అందుకని నెలకోసారి క్లాసులు మానుకుని ఊరికి వస్తాడు. బస్సులో రాయితీ ఉంది, పోయిన పాఠాలకు లేదు.

పరీక్షల దగ్గర ఇంకో గండం. స్క్రైబ్‌ను, అంటే చెబితే జవాబులు రాసిపెట్టే మనిషిని, పెట్టుకోవచ్చు, గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి అని నిబంధనలు ఉన్నాయి. 40 శాతం లేకపోయినా, రాయడం నిజంగా కష్టమైతే స్క్రైబ్‌ను ఇవ్వాలని సుప్రీంకోర్టు 2021లో వికాస్ కుమార్ కేసులో చెప్పింది. వాడి కాలేజీలో మాత్రం పరీక్ష ముందు రోజు దాకా ఎవరూ ఏమీ చెప్పలేదు. చివరికి హాస్టల్లో ఒక జూనియర్‌ను బతిమాలి వాడే తెచ్చుకున్నాడు. ఆ రాత్రి చదువుకోవాల్సిన టైమంతా టెన్షన్‌లోనే పోయింది.

"పథకాలన్నీ ప్రభుత్వం ఇస్తోంది కదా, మనమెందుకు?" అని కమిటీలో కొందరు అంటారని తెలుసు. పథకాలున్న మాట నిజమే. టెక్నికల్ కోర్సుల్లో చేరినవాళ్లకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) సక్షమ్ స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తుంది. కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కూడా ఉంది. కానీ ఆ డబ్బు చేతికొచ్చేలోపు పిల్లవాడు ఏం తినాలి? దరఖాస్తు గడువు పోకుండా ఎవరు గుర్తుచేయాలి? మనం పూడ్చాల్సింది ఆ నడిమి నెలలనే. హైదరాబాద్‌లో జీతమిచ్చి ఒక మనిషిని పెడదాం. అడ్మిషన్లకు ముందే పేర్లు, జిల్లాలు సరిచేయించడం, యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకు దేశమంతటా చెల్లే గుర్తింపు కార్డు) తీయించడం, కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే స్క్రైబ్ కోసం రాతపూర్వకంగా అడిగించడం అతని పని. స్కాలర్‌షిప్ పడేదాకా నెలకు ఇంత అని అడ్వాన్సు ఇద్దాం. అది తండ్రి ఖాతాలోకి కాదు, విద్యార్థి సొంత ఖాతాలోకే పోవాలి. ఈ విషయంలో నేను రాజీపడను. పద్దెనిమిదేళ్లు నిండిన ఆడపిల్ల తన పింఛను ఎంతో తనకే తెలియకుండా డిగ్రీ చదవడం అన్యాయం. ఒక జాగ్రత్త: మనలో అమెరికా పౌరులైనవాళ్లు ఇండియాలోని సంస్థకు ఇచ్చేది విదేశీ విరాళం అవుతుంది. అందుకే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉన్న సంస్థతోనే కలిసి పనిచేయాలి.

ఇక్కడ పుట్టిన మన పిల్లల విషయంలోనూ ఇదే మార్పు వస్తుంది. స్కూల్లో ఐఈపీ, అంటే వైకల్యం ఉన్న పిల్లలకు ఒక్కొక్కరికీ వేసే ప్రత్యేక విద్యా ప్రణాళిక, ఉంటే అన్నీ స్కూలే చూసుకునేది. కాలేజీకి ఆ ఐఈపీ వెంట రాదు. కాలేజీలో ఉండే డిసబిలిటీ సర్వీసెస్ ఆఫీసుకు వెళ్లి పిల్లలే నోరు తెరిచి అడగాలి. ఎస్ఎస్ఐ (ఆదాయం తక్కువున్న వికలాంగులకు అమెరికా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) విషయంలో 18 నిండాక తల్లిదండ్రుల ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోరు. అందుకే ఒకప్పుడు కాదన్నవాళ్లు కూడా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.

మన ఊళ్ల నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చే పిల్లలకు ఎస్ఎస్ఐ రాదు. కానీ పరీక్షలో అదనపు సమయం, నోట్స్, స్క్రీన్ రీడర్ లాంటి ఏర్పాట్లు వాళ్లకూ ఉన్నాయి. వాటికి యూనివర్సిటీ డబ్బు అడగకూడదు. తమ వైకల్యం సంగతి చెబితే వీసాకు ఇబ్బంది అవుతుందేమోనన్న భయంతో మొదటి సెమిస్టర్ అంతా దాచిపెట్టే పిల్లలున్నారు. ఆగస్టులో ఎయిర్‌పోర్టు నుంచి వాళ్లను ఇంటికి తీసుకొచ్చే మన వాలంటీర్లు సిమ్ కార్డు, బ్యాంకు ఖాతాతో పాటు ఈ డిసబిలిటీ సర్వీసెస్ ఆఫీసు సంగతి కూడా ఆ మొదటి రోజే చెప్పాలి.