సవరణ: క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, జన్యువుల పనితీరు, వైరస్‌లు

క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (నెలల తరబడి తీవ్రమైన అలసట వీడని వ్యాధి) ఉన్నవారి జన్యువులు మారిపోవడం వల్ల వారికి వైరస్‌లు సులభంగా సోకుతాయని ఇదివరకటి పోస్టులో రాశాను. అది తప్పు, అధ్యయనాల ఫలితాలను నేను సరిగా అర్థం చేసుకోలేదు.

రోగుల రక్తకణాలపై జరిగిన ఆ పరిశోధనల్లో కనిపించింది జన్యుక్రమంలో మార్పు కాదు. రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన కొన్ని జన్యువులు పనిచేసే స్థాయిలోనూ, డీఎన్‌ఏపై మిథైల్ సమూహాలు (జన్యువుల పనితీరును ప్రభావితం చేసే చిన్న రసాయన గుర్తులు) చేరే తీరులోనూ ఆరోగ్యవంతులతో పోలిస్తే తేడాలున్నాయని మాత్రమే అవి చెబుతున్నాయి. పైగా ఆ నమూనాలు జబ్బు మొదలైన తరువాత సేకరించినవి కాబట్టి, ఆ తేడాలు వ్యాధికి కారణమో, దాని ఫలితమో, ఏళ్ల తరబడి శరీరానికి కదలిక తగ్గడం వల్ల వచ్చినవో వాటిని బట్టి తేల్చలేము. వైరస్ సోకే ముప్పును అవి కొలవనే లేదు.

ఇన్ఫెక్షన్‌తో ఈ వ్యాధికి ఉన్న సంబంధానికి గట్టి ఆధారం వేరే చోట ఉంది. ఆస్ట్రేలియాలో ఎప్‌స్టీన్-బార్ వైరస్, రాస్ రివర్ వైరస్, క్యూ ఫీవర్ (ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చేది) సోకిన 253 మందిని గమనిస్తూ వచ్చి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలల తరువాత సుమారు 11 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. తొలి జబ్బు ఎంత తీవ్రంగా వస్తే ఆ అవకాశం అంత ఎక్కువగా కనిపించింది. అంటే అక్కడ ఇన్ఫెక్షన్ ముందు, వ్యాధి తరువాత. నేను ఈ వరుసను తలకిందులు చేశాను.

ఆ పోస్టు చదివి నలుగురిలోకి వెళ్లడానికి భయపడుతున్నామని రాసిన రోగులు ఈ సవరణను తప్పక గమనించాలని కోరుతున్నాను. పాత పోస్టులోని ఆ పేరాను తొలగించాను.