ఫోన్ కొనేముందు ఒక్క మాట అడగండి: టీవీలో బొమ్మ పడుతుందా?

మా అక్క కూతురు ఇంటర్ సెకండియర్. కాలేజీ నుంచి వచ్చాక సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ఎప్‌సెట్ (పాత ఎంసెట్) క్లాసులు ఫోన్‌లో వింటుంది. ఫోన్‌ని స్టీలు బియ్యం డబ్బాకి ఆనించి, మెడ వంచి, కళ్లు చిట్లించి, మూడున్నర గంటలు అలాగే కూర్చుంటుంది. సారు బోర్డు మీద ఇంటిగ్రేషన్ రాస్తే పైన ఉన్న పవర్ రెండో మూడో తెలియదు. వేళ్లతో పెద్దది చేసుకుంటే సగం బోర్డు తెర దాటిపోతుంది. ఈలోపు సారు చెరిపేసి ముందుకెళ్లిపోతారు.

ఆ పిల్లకి ఎదురుగా, అదే హాల్లో, గోడకి 32 అంగుళాల టీవీ ఉంది. స్మార్ట్ టీవీ కాదు, కానీ వెనకాల, బయటి నుంచి బొమ్మ తీసుకునే హెచ్‌డీఎంఐ పోర్టులు రెండున్నాయి.

దసరాకి ఖమ్మం వెళ్లినప్పుడు ఇది చూసి, ఓ గంటలో అయిపోయే పని అనుకున్నాను. బజారుకెళ్లి టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ అడిగాను. షాపులో అబ్బాయి ఫోన్ కింద పోర్టు చూసి, "సి-టైపే కదా అన్నా, పని చేస్తది" అన్నాడు. తొమ్మిది వందలు ఇచ్చి తెచ్చి పెట్టాం. టీవీలో 'నో సిగ్నల్' అని నీలం తెర. కేబుల్ తిప్పి పెట్టాం, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశాం, సెట్టింగుల్లో ఉన్నవన్నీ నొక్కి చూశాం. బొమ్మ పడలేదు. "మామయ్యా, నేనే ఏదో తప్పు నొక్కానేమో" అంది. నాకు అక్కడే మనసు చివుక్కుమంది. తప్పు ఆ పిల్లది కాదు, షాపు అబ్బాయిది కూడా కాదు. ఆ ఫోన్ తయారు చేసినవాళ్లు టీవీకి బొమ్మ పంపే దారి అందులో పెట్టలేదు. పెట్టలేదన్న సంగతి డబ్బా మీద ఎక్కడా రాయలేదు.

ఇది చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. టైప్-సి అనేది కేవలం పోర్టు ఆకారం. పూర్తి స్థాయి టైప్-సిలో 24 పిన్నులుంటాయి. ఛార్జింగ్‌కి కొన్ని, మామూలు డేటాకి కొన్ని, వీటికి తోడు చాలా వేగంగా డేటా మోసే నాలుగు జతలు. టీవీకో మానిటర్‌కో బొమ్మ వెళ్లేది ఈ వేగమైన జతల మీదనే. ఈ పద్ధతి పేరు డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్. 2014లోనే వచ్చింది. తక్కువ ధర ఫోన్లలో దాదాపు అన్నిటికీ టైప్-సి పోర్టు ఉంటుంది కానీ లోపల వైరింగ్ పాత యూఎస్‌బీ 2.0 దే. ఆ వేగమైన జతలకి లోపల కనెక్షనే ఉండదు. ఇంటి ముందు గేటు ఘనంగా కట్టి వెనకాల దారి వేయకుండా వదిలేసినట్టు. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకి 480 మెగాబిట్లు. ఫుల్ హెచ్‌డీ బొమ్మని కుదించకుండా సెకనుకి అరవై సార్లు పంపాలంటే దాదాపు 3 గిగాబిట్లు, అంటే మూడువేల మెగాబిట్లు కావాలి. లెక్క ఎక్కడా కుదరదు.

"చవక ఫోన్ కదా, ఆ మాత్రం ఉంటుంది" అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఐఫోన్ 15 మామూలు మోడల్ డేటా వేగం యూఎస్‌బీ 2 స్థాయిదే, అయినా వైరు పెడితే 4కే టీవీలో బొమ్మ వస్తుంది. అంటే డేటా వేగం పెంచకపోయినా బొమ్మకి దారి ఇవ్వొచ్చు. ఇంకో పక్క గూగుల్ పిక్సెల్ 8 చూడండి. 2023 అక్టోబరులో వచ్చింది. వైరుతో టీవీకి బొమ్మ పంపడం మాత్రం 2024 జూన్ అప్‌డేట్‌తో మొదలైంది. అదే ఫోన్, అదే పోర్టు. ఎనిమిది నెలలు సాఫ్ట్‌వేర్ తలుపు మూసి ఉంది, అంతే. అంత ధర పెట్టి కొన్న ఫోన్‌లో కూడా ఇలా జరిగిందంటే, దీన్ని ఖర్చు సమస్యగా చూడలేను. ఎవరూ గట్టిగా అడగడం లేదు కాబట్టి వాళ్లు పట్టించుకోవడం లేదు.

పాతరోజుల్లో ఇది ఇంత కష్టం కాదు. 2007లో వచ్చిన నోకియా ఎన్95 డబ్బాలో టీవీ కేబుల్ కూడా ఇచ్చేవారు. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు టీవీకి గుచ్చితే ఫోన్‌లో ఫోటోలు టీవీలో కనిపించేవి. మా ఫ్రెండ్ ఒకడు వాళ్ల అన్న పెళ్లి ఫోటోలు ఇంటిల్లిపాదికీ అలాగే చూపించాడు. 2010లో నోకియా ఎన్8కి ఏకంగా హెచ్‌డీఎంఐ పోర్టే ఇచ్చి, దానికి కావలసిన అడాప్టర్ కూడా డబ్బాలో పెట్టారు. ఆ తర్వాత మొదలైంది గందరగోళం. శాంసంగ్ గెలాక్సీ ఎస్2లో ఎమ్‌హెచ్‌ఎల్ అని ఒక పద్ధతి, మైక్రో యూఎస్‌బీ పోర్టు నుంచే బొమ్మ వచ్చేది. మరుసటి ఏడాది ఎస్3 వచ్చేసరికి అయిదు పిన్నులు పదకొండయ్యాయి, పాత అడాప్టర్ నేరుగా పనికిరాలేదు. అదే 2012లో నెక్సస్ 4 కొన్నవాళ్లకి స్లిమ్‌పోర్ట్ అని ఇంకో పద్ధతి. చూడటానికి అన్నీ ఒకే మైక్రో యూఎస్‌బీ పోర్టు, ఒకదాని అడాప్టర్ ఇంకోదానికి పనిచేయదు. టైప్-సి వచ్చాక ఈ గొడవ తీరుతుందని నమ్మినవాళ్లలో నేనూ ఉన్నాను.

వైరు కుదరలేదని, టీవీకి గుచ్చితే ఫోన్ నుంచి వైఫైతో బొమ్మ తీసుకునే డాంగిల్ కూడా తెప్పించాను, ఇంకో పద్దెనిమిది వందలు. దీంతో బొమ్మ పడింది. మేనకోడలి మొహం వెలిగిపోయింది. యూట్యూబ్ వచ్చింది, ఫోటోలు వచ్చాయి. క్లాసు యాప్ తెరవగానే టీవీ నల్లబడింది. సారు మాట వినిపిస్తోంది, బోర్డు కనిపించదు. ఆండ్రాయిడ్‌లో స్క్రీన్‌షాట్ తీయకుండా యాప్‌లు పెట్టుకునే అడ్డుకట్ట ఒకటుంది. అది పెట్టిన యాప్, రక్షణ లేని తెర మీద, అంటే కాపీ కాకుండా ఆపే తాళం లేని తెర మీద కూడా తన బొమ్మ చూపించదు. బ్యాంకు యాప్‌కి అది అవసరమే. క్లాసు వీడియోలు దొంగిలించి టెలిగ్రామ్‌లో పెట్టేవాళ్లు ఉన్నారు, వాళ్ల భయం వాళ్లది, అదీ అర్థం చేసుకోగలను. కానీ సంవత్సరం ఫీజు ముందే కట్టిన పిల్ల, సొంత ఇంట్లో, సొంత టీవీలో పాఠం చూడటానికి వీల్లేదంటే ఎలా? పైగా వైఫైతో పంపినప్పుడు ఫోన్ తన తెరని క్షణక్షణం కుదించి పంపాలి, అవతల అది విప్పుకోవాలి. అందుకే మాట ఒకచోట, పెదాలు ఒకచోట. సినిమాకైతే సర్దుకుంటాం, లెక్కల క్లాసుకి ఎలా సర్దుకుంటాం? యూఎస్‌బీ 2.0 ఫోన్లతో పనిచేసే డిస్‌ప్లేలింక్ అడాప్టర్లు కూడా ఉన్నాయి. అవీ బొమ్మని కుదించే పంపుతాయి, తాళం వేసిన వీడియో వాటిలోనూ రాదు. మరో డబ్బు దండగ ఎందుకని ఆ జోలికి వెళ్లలేదు.

ఇంత కోపం ఎందుకంటే, మా అక్క ఇంట్లో కంప్యూటర్ లేదు. మన ఊళ్లల్లో చాలా ఇళ్లలో లేదు. ఫోనే కంప్యూటర్. 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు ఈ పిల్ల ఏడో తరగతి. అప్పుడు దూరదర్శన్ యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ పాఠాలు వచ్చేవి. ఇదే టీవీ ముందు చాప వేసుకుని కూర్చుని రాసుకునేది. మెడ నొప్పి లేదు, కళ్ల మంట లేదు. చదువు టీవీ నుంచి ఫోన్‌కి మారాక తెర చిన్నదైపోయింది. ఆ ఫోన్‌లో ఉన్న ప్రాసెసర్‌కి ఓ చిన్న కంప్యూటర్ పని చేసే శక్తి ఉంది. ఒక వైరు, ఒక పెద్ద తెర, ఒక కీబోర్డు కలిస్తే చదువుకోవచ్చు, రెజ్యూమే రాసుకోవచ్చు, సర్టిఫికెట్లకి అప్లై చేసుకోవచ్చు. ఆ ఒక్క వైరు దగ్గరే ఆపేశారు.

చివరికి దారి దొరికింది. మా కొలీగ్ దగ్గర 2018 నాటి శాంసంగ్ నోట్ 9 మూల పగిలి బీరువాలో పడి ఉంది. అడిగి తీసుకున్నాను. అదే తొమ్మిది వందల కేబుల్ దానికి పెడితే టీవీలో బొమ్మ పడటమే కాదు, డెక్స్ అని కంప్యూటర్‌లాంటి తెర వచ్చింది. కింద బార్, పక్కపక్కన కిటికీలు, ఫోన్ తెరే మౌస్. క్లాసు యాప్ కూడా తెరుచుకుంది. వైరు మీద హెచ్‌డీసీపీ అని, కాపీ కాకుండా ఆపే తాళం ఉంటుంది కాబట్టి టీవీని నమ్మదగిన తెరగానే చూసింది. ఒక్క ఇబ్బంది: మూడున్నర గంటల క్లాసుకి బ్యాటరీ చాలదు, వైరు పెట్టాక ఛార్జర్‌కి చోటు ఉండదు. ఒకే పోర్టుకి రెండుమూడు వైర్లు కలిపే హబ్, అదీ ఛార్జింగ్ పిన్ కూడా ఉన్నది కొంటే ఆ గొడవ తీరింది. కొనేటప్పుడు అది చూసుకోండి.

ఏడేళ్ల కిందటి పగిలిన ఫోన్ చేసే పని, నిరుడు కొన్న కొత్త ఫోన్ చేయలేకపోయింది. దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2024 డిసెంబర్ 28 నుంచి కొత్త ఫోన్లన్నిటికీ టైప్-సి ఛార్జింగ్ తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ ఆ నియమం ఛార్జింగ్ గురించి, బొమ్మ గురించి కాదు. నేను అడిగేది ఇంకా చిన్నది. అన్ని ఫోన్లలో పెట్టమని కూడా అనడం లేదు. ఎమ్మార్పీ వేస్తున్న డబ్బా మీదనే 'వైరుతో టీవీకి పనిచేస్తుంది' లేదా 'పనిచేయదు' అని ఒక్క ముక్క వేయండి. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అరచేతి మందాన అక్షరాలతో వేసే చోటు ఉన్నప్పుడు దీనికి చోటు లేదనకండి.

అప్పటిదాకా మీరే చూసుకోవాలి. కంపెనీ సైట్‌లో మోడల్ వివరాల దగ్గర యూఎస్‌బీ అన్న వరుస చదవండి. డిస్‌ప్లేపోర్ట్ అని ఉంటే బొమ్మ వస్తుంది. ఒక్క 'టైప్-సి, యూఎస్‌బీ 2.0' అనే ఉంటే రాదనే అనుకోండి. అన్నిటికంటే నమ్మకం, షాపులోనే కేబుల్ పెట్టి వాళ్ల టీవీలో చూపించమనడం. కేబుల్ కూడా చూసుకోండి, ఛార్జర్‌తో వచ్చే మామూలు టైప్-సి వైరు మానిటర్‌కి పెడితే చాలాసార్లు బొమ్మ రాదు, దాంట్లోనూ ఆ వేగమైన జతలుండవు.

మీ దగ్గర వైరు పెడితే టీవీలో బొమ్మ పడే ఫోన్ ఉంటే మోడల్ పేరు కామెంట్‌లో రాయండి, పడకపోయినా రాయండి. పాతికవేల లోపుది అయితే ఇంకా మంచిది. మా అక్క చిన్నోడు పదో తరగతి, జూన్‌లో వాడికీ ఒక ఫోన్ కొనాలి.