మూడు బాణాల ప్రాంప్టు గారికి, పాలకొల్లు నుంచి

అయ్యా, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో >>> అని కనపడి, లైను కొట్టగానే జవాబిచ్చే ప్రాంప్టు గారూ,

మా వీధిలో నిలబడి సత్తిబాబూ అని కేకేస్తే ఐదుగురు తిరిగి చూస్తారు. అన్నవరం స్వామి దయ. అందుకే ఇంటిపేరు కలిపి పిలుస్తాం. మీరు నేమ్‌స్పేస్ అని గొప్పగా చెప్పుకునేది ఇదేనండి.

మరి ప్రోగ్రాం నడుస్తుండగా మధ్యలో, పైథాన్‌తో వచ్చే కోడ్ మాడ్యూల్లోంచి ఇంటరాక్ట్ అని పిలిస్తే మీరెలా దిగుతారు? పేరేంటండీ అంటే ‘కన్సోల్’, డాక్, అంటే వివరం, ఏదండీ అంటే ‘నన్’, ఏమీ లేదని. చెప్పుకోవడానికి ఆ రెండే. అప్పటిదాకా ప్రోగ్రాంలో తిరిగిన చెరువు, కౌంటు, రేటు ఎవరో మీకు తెలీదు. నేమ్‌ఎర్రర్! పెళ్ళికొచ్చి పెళ్ళికొడుకెవరని అడిగే చుట్టం నయం.

సరే, లోకల్ అని చెప్పి మా పేర్లూ వాటి విలువలూ ఉన్న పట్టిక, అదే డిక్షనరీ, మీ చేతిలో పెట్టాను. ఫంక్షన్ లోపలి పేర్లు, అంటే లోకల్స్ ఒక్కటే ఇస్తే బయటి పేర్లు, గ్లోబల్స్ కనపడవన్నారు. రెండూ కలిపే ఇచ్చాను.

మొన్న బాబాయి రొయ్యల చెరువు పట్టుబడి. బిల్లు వేసే ఫంక్షన్ మధ్యలో మిమ్మల్ని కూర్చోబెట్టి, కౌంటు, అంటే కిలోకి తూగే రొయ్యలు, 40 అని పడితే 50 అని దిద్దాను. మళ్ళీ అడిగితే 50 అనే చూపించారు. కంట్రోల్ జెడ్, ఎంటర్ కొట్టి బయటికొచ్చాను. బిల్లు 40 కౌంటుకే వచ్చింది! కొనేవాడు నవ్వాడు. "కిలోకి యాభై తూగిన రొయ్య నీ కంప్యూటర్లోకెళ్ళి బలిసిందేంట్రా?" అన్నాడు బాబాయి.

నేను దిద్దింది మీ చేతిలోని జిరాక్సు కాపీలోనట. అసలు కాగితం ఫంక్షన్ దగ్గరే ఉందట. పోనీ ఆ మాట మీదైనా నిలబడతారా? ట్రేల బరువుల లిస్టు చివర ఒకటి చేరిస్తే (అపెండ్) అది మాత్రం లోపల నిజంగానే పెరిగింది. పేరు జిరాక్సు, సరుకు అసలుది! దస్తావేజులు రాసేవాళ్ళక్కూడా ఈ తెలివి లేదండి. ఇప్పుడు డిక్షనరీ నేనే కట్టి ఇచ్చి, మీరు వెళ్ళాక కౌంటు అందులోంచి ఏరుకుంటున్నాను.

వెళ్ళడమైనా సవ్యంగా వెళ్తారా? అలవాటుగా ఎగ్జిట్ అని కొడితే ప్రోగ్రాం మొత్తాన్ని వెంటేసుకుపోతారు. 3.13 వెర్షన్ నుంచి లోకల్ ఎగ్జిట్ ట్రూ అని పెడితే బుద్ధిగా ఒక్కరే పోతారట. బాబాయి ల్యాప్‌టాప్‌లో ఉన్నది 3.8. మార్చమంటే, ముందు చెరువు నీళ్ళకి గాలి పట్టే ఏరియేటర్ మోటారు బాగుచేయించనీరా అంటున్నాడు.

ఇట్లు,
సత్తిబాబు
(ఆ ఐదుగురిలో నాలుగోవాణ్ణి)