పెరట్లో లంగరు

మా తమ్ముడు విశాఖపట్నంలో ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. 27 అడుగులది, ఫైబర్‌గ్లాసుది, 1970లలో తయారైంది. అంటే కొన్నవాళ్ల ముగ్గురికంటే వయసులో పెద్దది. ఈ సంగతి ఇంట్లో చెప్పిన రోజు మా అవ్వ ఒక్కటే అడిగింది.

"దానికి ఇంజను లేదా?"

"ఉంది అవ్వా. పనిచేయదు."

"మరి గాలి?"

"అది అప్పుడప్పుడు పనిచేస్తుంది."

కర్నూలు వాళ్లకు పడవలతో ఉన్న చుట్టరికం అంతంతమాత్రమే. మా ఊరి పక్కనే పారే కె.సి. (కర్నూలు-కడప) కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వినప్పుడు పొలాలకు నీళ్లతో పాటు సరుకుల పడవలు కూడా నడపాలనే అనుకుంది. పడవల మాట దేవుడెరుగు, కంపెనీయే ఒడ్డున పడలేకపోయింది. 1882లో కాలువను ప్రభుత్వం కొనేసింది. ఇక నేను పడవ ఎక్కింది ఒకే ఒక్కసారి, 2009 అక్టోబరులో. తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలులో మా వీధికే వచ్చాయి కనుక ఎక్కక తప్పలేదు.

సంక్రాంతికి తమ్ముడు పల్లెకు వచ్చాడు. కారు వెనకభాగం నేలకు వంగి ఉంది. డిక్కీ తెరిస్తే పిండివంటలకు బదులు ఒక గోనెసంచి, ఒక లంగరు, ముప్పై మీటర్ల ఇనుప గొలుసు. గొలుసు ఒక్కటే నలభై కిలోల పైమాట, లంగరు మరో పదకొండు. కర్నూలులో మా మామయ్య లేత్ షాపులో గిలక చేయించుకుని, అటునుంచి హైదరాబాదులో గొలుసుకు జింకు పూత వేయించుకుని వెళ్తానన్నాడు. పండక్కి వచ్చింది మాకోసం కాదని అప్పుడే అర్థమైంది.

లంగరును పెరట్లో చేదబావి పక్కన దించాం. పొడవాటి కాడ, కాడ చివర కీలు, కీలుకు రెండు రెక్కల కర్రు. పక్కింటి రైతు, వరసకు మాకు పెదనాన్న, గోడ మీదినుంచి తొంగి చూసి, "నాగలి బాగుంది. కర్రు తిరగబడిందేమి?" అన్నాడు.

తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. నిజానికి ఈ రకాన్ని పడవలవాళ్లు కూడా నాగలి లంగరు అనే పిలుస్తారట. దీన్ని 1933లో జి.ఐ. టేలర్ అనే కేంబ్రిడ్జి శాస్త్రవేత్త కనిపెట్టాడట. ద్రవాల కదలికల మీద పెద్ద పెద్ద సమీకరణాలు రాసిన ఆయన, తీరిక దొరికితే తెరచాప పడవ ఎక్కేవాడట. లంగరు పేరు సి.క్యూ.ఆర్. తమ్ముడు ఇదంతా చెప్పి, అసలు కిటుకు లంగరు బరువులో లేదన్నాడు. పది మీటర్ల లోతుకు యాభై మీటర్లు, గాలి ఎక్కువైతే డెబ్బై మీటర్లు వదలాలి. అప్పుడే లాగు నేలబారుగా ఉండి కర్రు అడుగున దిగబడుతుంది. గొలుసు కురచ చేసి నిట్టనిలువుగా లాగితే ఊడి వస్తుంది.

పెదనాన్న వక్కపలుకు నోట్లో వేసుకుని, "అంతేగా మరి. ఎద్దులను నాగలికి దూరంగా కడితే కర్రు లోతుకు దిగుతుంది, దగ్గరగా కడితే పైకి లేస్తుంది. దీనికి సముద్రం దాకా పోవాలా?" అన్నాడు. కేంబ్రిడ్జి పండితుడికీ మా పెదనాన్నకూ అభిప్రాయభేదం లేదని తేలింది.

ఇక గిలక సంగతి. పడవ ముక్కు దగ్గర, గొలుసు నీళ్లలోకి జారడానికి రెండు స్టీలు చెంపల మధ్య ఒక గిలక ఉంటుంది. పాత పడవల్లో అందరూ తెరచాపలను చూసుకుంటారు, ఇంజనును తిట్టుకుంటారు, దీన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. తమ్ముడి పడవలో గిలక ఇరుసుకు పట్టేసి తిరగడం మానేసి ఎన్నేళ్లయిందో. తిరగని గిలక మీద గొలుసును లాగీ లాగీ ఒకవైపు రంపంతో కోసినట్టు గాడి పడింది. ఇరుసు బోల్టు పైకి తళతళలాడుతోంది కానీ, విప్పి చూస్తే రంధ్రంలో దాగిన భాగమంతా చిన్న చిన్న గుంటలు. స్టెయిన్‌లెస్ స్టీలుకు గాలి తగిలినంతసేపే దాని మర్యాద దక్కుతుందట. ఉప్పునీరు చేరి గాలి ఆడని సందులో అది లోలోపల తినేసుకుపోతుంది. వంటింట్లో ముప్పై ఏళ్లు మెరిసిన స్టీలు మీద నాకున్న గౌరవం ఆ రోజుతో కొంత తగ్గింది.

మామయ్య నైలాన్ దిమ్మెను లేత్‌కు బిగించి, గంటలో కొత్త గిలక తీసి ఇచ్చాడు. నడుమ గొలుసు కూర్చునేంత గాడి, అంచులు నున్నగా. కొత్త బోల్టు వేసి, గొలుసు ఎగిరి పక్కకు పడకుండా చెంపల పైభాగాన ఒక అడ్డుపిన్ను కూడా పెట్టాడు. "పడవకైతే తెలియదు గానీ, బావికైతే నూరేళ్లు వస్తుంది" అని దీవించాడు.

ఆ మాట తమ్ముడి చెవిలో పడకుండా ఉంటే బాగుండేది.

మరునాడు ఉదయం బావి దూలానికున్న పాత ఇనుప గిలకను విప్పి, దాని స్థానంలో పడవ గిలకను బిగించాడు. హైదరాబాదు వెళ్లేలోపు ఒకసారి పరీక్షించాలట. సముద్రం లేదు కాబట్టి బావి. అవ్వ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. పెదనాన్న గోడ మీదకు వచ్చేశాడు. ఇద్దరు పిల్లలు బడికి సెలవు కాబట్టి వచ్చారు. సెలవు లేకపోయినా వచ్చేవారు.

తమ్ముడు చప్టా మీద నిలబడి మాకు జాగ్రత్తలు చెప్పాడు. గొలుసు మీద ప్రతి పది మీటర్లకూ రంగు వేసి ఉంది. పది దగ్గర ఎరుపు, ఇరవై దగ్గర పసుపు. రంగు చూసి ఎంత పోయిందో చెప్పాలి. లంగరును గొలుసుకు కలిపే సంకెల మొల ఊడకుండా దానికి తీగ చుట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, పరుగెత్తే గొలుసు మీద ఎట్టి పరిస్థితిలోనూ చేయి వేయకూడదు, వేళ్లు పోతాయి. మేమందరం బుద్ధిగా చేతులు వెనక్కి కట్టుకున్నాం.

లంగరు దిగింది. గిలక వెన్నలా తిరిగింది. గొలుసు గలగలమంటూ లోపలికి జారుతుంటే తమ్ముడి ముఖంలో వెలుగు చూడాలి. "ఎరుపు!" అని పిల్లలు అరిచారు. కాసేపటికి కింద బుడుంగుమని చప్పుడు, తర్వాత మెత్తగా అడుగు తగిలిన చప్పుడు. మా బావి పన్నెండు మీటర్లు. లంగరు అడుగుకు చేరాక గొలుసు ఆగాలి కదా అని నేను అనుకున్నాను. గొలుసు అలా అనుకోలేదు. బావిలో వేలాడుతున్న భాగమే పదిహేను కిలోలుంటుంది. గట్టున చుట్టగా పడి ఉన్న మిగతా భాగాన్ని అది లాక్కుపోతూనే ఉంది.

"పసుపు!"

"అన్నా, చాలు" అన్నాడు తమ్ముడు.

"నాకెందుకు చెబుతున్నావు, దానికి చెప్పు" అన్నాను. చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.

చుట్ట కరిగిపోయింది. చివరి మూర గొలుసు చప్టా మీద పాములా మెలితిరిగి, గిలక ఎక్కి, ఒక్క క్షణం మావైపు చూసినట్టు చూసి, లోపలికి దూకింది. తర్వాత బావి చాలా ప్రశాంతంగా ఉంది. గిలక మాత్రం తిరుగుతూనే ఉంది. మామయ్య పనితనం అలాంటిది.

"కొస దేనికీ కట్టలేదా?" అంది అవ్వ చేట ఆపకుండా.

కట్టాలట. పడవలో గొలుసు కొసను లోపల ఒక గట్టి కొక్కేనికి కట్టాలి. అదీ సంకెలతో కాదు, తాడుతో కట్టాలి. తుపానులో లంగరు వదిలేసి పారిపోవాల్సి వస్తే ఒక్క కత్తివేటుతో తెంచుకోవచ్చు. కట్టకుండా లంగరు వేసి, గొలుసంతా సముద్రానికి సమర్పించుకున్న మహానుభావులు ఎందరో ఉన్నారట. ముందురోజు రాత్రి భోజనాల దగ్గర వాళ్ల కథలు చెప్పి మమ్మల్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించింది ఈ తమ్ముడే.

బావిలో పడినదాన్ని తీయాలంటే పాతాళగరిగె కావాలి. చూడబోతే అదీ ఒక లంగరే, చుట్టూ కొక్కేలతో. లంగరును తీయడానికి ఇంకో లంగరు. ఊళ్లో ఇప్పుడు అది మిగిలింది ఒక్క ఇంట్లో, మా చిన్నవ్వ ఇంట్లో. చిన్నవ్వ అంటే మా అవ్వ తోడికోడలు. ఎదురిల్లే. నలభై ఏళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. కారణం ఒక ఇత్తడి చెంబు. అవ్వ పెళ్లికి పుట్టింటివారు పెట్టిన చెంబు, మీద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కించినది, ఒకరోజు కనబడకుండా పోయింది. ఆ రోజు మా ఇంటికి వచ్చిన పరాయి మనిషి చిన్నవ్వ ఒక్కతే. అవ్వ ఆ మాట పైకి అనలేదంటుంది. అన్నదని ఊరంతా చెబుతుంది.

నేనే వెళ్లాను. చిన్నవ్వ పాతాళగరిగె తీసి ఇస్తూ, "తిరిగి ఇచ్చేదాకా ఏదైనా కుదువ పెట్టిపో. చెంబు మాత్రం వద్దు" అంది. ప్రెషర్ కుక్కరు ఇచ్చి వచ్చాను.

పాతాళగరిగెను మూడుసార్లు దింపాం. మొదటిసారి పిడిలేని ప్లాస్టిక్ బకెట్టు వచ్చింది. రెండోసారి పాచి. మూడోసారి తాడు బిగిసింది. నేను, తమ్ముడు, గోడ దిగి వచ్చిన పెదనాన్న, మామయ్య కొడుకు నలుగురం పట్టాం. బారెడు బారెడు లాగుతుంటే పసుపు వచ్చింది, చాలాసేపటికి ఎరుపు వచ్చింది. ఈసారి గొలుసు కొసను తమ్ముడు ముందుగానే వేపచెట్టుకు మూడు ముళ్లు వేసి కట్టాడు.

చివరికి లంగరు పైకి వచ్చింది. కర్రు నిండా నల్లటి బురద. "చూశారా, అడుగును ఎంత బాగా పట్టిందో" అన్నాడు తమ్ముడు, ఇంకా సిగ్గు లేకుండా. బురదలో ఏదో గుండ్రంగా ఇరుక్కుని ఉంది. పెదనాన్న కొడవలి కొనతో కదిలించాడు. ఒక చెంబు దొర్లుకుంటూ వెళ్లి అవ్వ కాళ్ల దగ్గర ఆగింది.

అవ్వ చేట పక్కన పెట్టింది. చెంబు చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్దింది. పచ్చగా చిలుము పట్టిన ఇత్తడి మీద చుక్కలు ఒక్కొక్కటే తేలాయి. అవ్వ పేరే. అందులో ‘మ’ ఉండాల్సిన చోట ‘య’ చెక్కి ఉంది. చెక్కినవాడి పొరపాటు. ఆ తప్పు ఉన్న చెంబు లోకంలో ఇంకొకటి ఉండే అవకాశం లేదు. ఎవరమూ ఏమీ మాట్లాడలేదు. పెదనాన్న గోడ ఎక్కి అటువైపు దిగిపోయాడు.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. "ఏమిటి, ఈ కుక్కరు ఎంతసేపటికీ కూత వేయదు? రబ్బరు పోయింది దీనికి" అంటూ చిన్నవ్వ గొంతు లోపలికి వస్తోంది.

"ఒరే, దీన్ని లోపల వేసెయ్" అంది అవ్వ. నేను తటపటాయిస్తుంటే తనే లాక్కుని వేసేసింది. బుడుంగుమంది.

చిన్నవ్వ కుక్కరుతో పెరట్లోకి వచ్చింది. బావివైపు చూసింది.

"ఏమిటి పడింది?"

"లంగరు" అంది అవ్వ.

చిన్నవ్వ చూపు మెల్లగా చప్టా మీదికి దిగింది. అక్కడ బురదతో, నీళ్లు కారుతూ, నిండు సూర్యుడి వెలుతురులో అది పడుకుని ఉంది.

"మరి ఇది?"

"నాగలి" అంది అవ్వ, చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంటూ.